అడగకుండా నింపిన గడులు

డాలస్‌కు ఉత్తరాన ప్లేనో, ఫ్రిస్కో లాంటి ఊళ్లలో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. కొన్నేళ్లుగా ఆ ఇళ్లకు ఫోన్లు చేసి, అప్పుడప్పుడు స్వయంగా వెళ్లి, పిల్లలు నిన్న ఏం తిన్నారో అడిగి రాసుకోవడం నా ఉద్యోగం. హైదరాబాద్‌లో న్యూట్రిషన్ చదువుకుని, పెళ్లయ్యాక అమెరికా వెళ్లిన నాకు ఒక పరిశోధన బృందంలో దొరికిన పని అది. పిల్లల తిండిని కొలిచే పద్ధతులు చాలాకాలంగా ఉన్నాయి. కానీ వాటిలో ఎక్కువ భాగం అక్కడి వాళ్ల వంటల మీద, వాళ్ల భోజనాల వేళల మీద పరీక్షించి నిలబెట్టినవి. వలస వచ్చిన కుటుంబాల పిల్లల దగ్గర అవి ఎంతవరకు నిజం చెబుతాయో సరిచూడటం మా బృందం పని. నన్ను తీసుకోవడానికి కారణం నేను తెలుగుదాన్ని కావడం. పప్పుకీ పులుసుకీ, పచ్చడికీ పొడికీ తేడా తెలిసిన మనిషి ఉంటే లెక్క తప్పదని వాళ్లు నమ్మారు. నేనూ నమ్మాను. ఆ నమ్మకమే నా చేత తప్పులు చేయించింది.

ఇప్పుడు వాటిని రాయడానికి కారణం ఉంది. అమెరికాలో, బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో, గల్ఫ్ దేశాల్లో మన పిల్లలు పెరుగుతున్నారు. ఇలాంటి సర్వేల్లో పని చేయడానికి మన అమ్మాయిలు, అబ్బాయిలు వెళ్తున్నారు. నేను చేసిన తప్పులు వాళ్లు కూడా చేసే ప్రమాదం ఉంది. ఎందుకంటే అవి తెలియక జరిగే తప్పులు కావు, బాగా తెలుసనుకోవడం వల్ల జరిగేవి.

దక్షిణాసియా మూలాలున్న వాళ్లకు డయాబెటిస్, గుండెజబ్బులు మిగతావాళ్లకంటే చిన్న వయసులో, తక్కువ బరువుకే వస్తున్నాయని డాక్టర్లు చాలాకాలంగా చెబుతున్నారు. ఆ తేడా బాల్యంలోనే మొదలవుతుందా, అందులో తిండి పాత్ర ఎంత అని వెతికిన పెద్ద అధ్యయనాల్లో ఇంగ్లండులో జరిగిన ‘చేజ్’ ఒకటి. లండన్, బర్మింగ్‌హామ్, లెస్టర్ నగరాల ప్రైమరీ స్కూళ్లలో 9, 10 ఏళ్ల పిల్లల్ని పరీక్షించారు. వాళ్లలో 2,000 మందికి పైగా పిల్లల్ని నిన్న ఏం తిన్నారని అడిగి రాసుకున్నారు. 2010లో అచ్చయిన ఫలితాల్లో, దక్షిణాసియా పిల్లలు చెప్పిన తిండిలో మొత్తం క్యాలరీలు, కొవ్వు ఎక్కువగానూ, విటమిన్ సి, విటమిన్ డి, కాల్షియం తక్కువగానూ తేలాయి. ఇలాంటి అంకెలే రేపు డాక్టరు సలహాగా, స్కూలు భోజనంగా, ప్రభుత్వ సూచనగా పిల్లల పళ్లెంలోకి తిరిగొస్తాయి. రాసేవాళ్లు తప్పు రాస్తే ఆ సలహా కూడా తప్పుతుంది. నెయ్యి తగ్గించాల్సిన బిడ్డకు అన్నం ఇంకా పెట్టమంటాం, ఐరన్ కావాల్సిన బిడ్డకు పాలు పెంచమంటాం.

తిండిని కొలిచే దారులు ముఖ్యంగా మూడు. నిన్న లేచినప్పటి నుంచి పడుకునేదాకా తిన్నదీ తాగిందీ అడిగి రాసుకోవడం మొదటిది, దాన్ని 24 గంటల రీకాల్ అంటాం. తిన్నప్పుడల్లా ఇంట్లోవాళ్లే రాసిపెట్టే ఫుడ్ డైరీ రెండోది. త్రాసులో తూచి రాస్తే అది ఇంకా గట్టిది. పాలు వారానికి ఎన్నిసార్లు, ఆకుకూర ఎన్నిసార్లు అని పెద్ద జాబితా ఇచ్చి టిక్కులు పెట్టించుకోవడం మూడోది. పిల్లల దగ్గరికొచ్చేసరికి అన్నిటికీ ఒకే చిక్కు. ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలు నిన్నటి తిండిని వరసగా చెప్పలేరు కాబట్టి తల్లిదండ్రులు చెప్పాలి. కానీ బిడ్డ మెలకువగా ఉండే గంటల్లో చాలా భాగం డేకేర్‌లోనో స్కూల్లోనో గడుస్తుంది, అక్కడ తల్లి కన్ను ఉండదు. పదేళ్లు దాటినవాళ్లు ఏం తిన్నారో చెబుతారు గానీ ఎంత తిన్నారో చెప్పడం వాళ్లకూ కష్టమే.

పాత అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2010లో వచ్చింది. 4 నుంచి 11 ఏళ్ల పిల్లలు తినే మొత్తం శక్తిని అంచనా కట్టడానికి, కనీసం మూడు రోజులు, అందులో పని దినాలూ వారాంతాలూ కలిసేలా, తల్లిదండ్రుల్ని దశలవారీగా అడిగే రీకాల్ మెరుగని అది తేల్చింది. దశలవారీగా అన్నది ముఖ్యం. అమెరికా వ్యవసాయ శాఖ వాడే పద్ధతిలో ఐదు దశలున్నాయి. ముందు అడ్డు తగలకుండా మొత్తం చెప్పనివ్వాలి. తర్వాత జనం మామూలుగా మరిచిపోయేవి, అంటే డ్రింకులు, స్వీట్లు, చిరుతిళ్లు, పళ్లు, ఒక్కొక్కటీ గుర్తుచేయాలి. తర్వాత ఏ వేళకు, ఏ సందర్భంలో తిన్నారో అడగాలి. నాలుగో దశలో ఒక్కొక్క పదార్థం వివరం, పరిమాణం రాబట్టాలి. చివర్లో ఇంకేమైనా మిగిలిందా అని మళ్లీ ఒకసారి అడగాలి. ఈ దశలన్నీ నాకు కంఠతా వచ్చు. నేను జారింది నాలుగో దశలో.

ఒక తల్లి చెబుతుంది: “రాత్రికి టమాటా పప్పు, అన్నం, కొంచెం నెయ్యి.” అప్పుడు నేను అడగాల్సినవి చాలా ఉన్నాయి. కందిపప్పా, పెసరపప్పా? పప్పెంత, నీళ్లెంత? పోపులో నూనె ఎంత? ఇంటిల్లిపాదికీ వండినదాంట్లో బాబుకి ఏ గరిటెతో ఎన్నిసార్లు వేశారు? నెయ్యి ఏ స్పూనుతో? పళ్లెంలో ఎంత మిగిలింది? మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాలకు ఫోన్లు చేసే నా తోటి ఉద్యోగిని మెక్సికో మనిషి కాదు, ఆ వంటలు ఆమెకు కొత్త. అందుకని అన్నీ అడిగేది. నాకు టమాటా పప్పు కొత్త కాదు. మా అమ్మ ఎలా చేస్తుందో చిన్నప్పటి నుంచీ చూశాను. అడగకుండానే ఫారంలో గడులు నింపేశాను. పప్పు మామూలు చిక్కదనం. నూనె రెండు స్పూన్లు. నెయ్యి ఒక టీస్పూను. తల్లులకూ అది హాయిగానే ఉండేది. “మీకు తెలిసిందే కదండీ” అనేవారు. “తెలుసండీ” అనేదాన్ని. ఫోన్లు త్వరగా ముగిసేవి. నా ఫారాల్లో ఖాళీలు లేవని మెప్పు కూడా వచ్చింది. ఆ ఫారాల్లో ఉన్నది డాలస్ పిల్లల తిండి కాదు, నా చిన్నప్పుడు మా వంటింట్లో వండిన తిండి.

మా అధ్యయనంలో కొన్ని ఇళ్లలో త్రాసుతో తూచి చూసే దశ వచ్చాక ఇది బయటపడింది. ఒక ఇంట్లో ఐదేళ్ల బాబు. గుంటూరు జిల్లా నుంచి ఆరు నెలలకని వచ్చిన వాళ్ల నాయనమ్మ రోజూ రాత్రి అన్నం తినిపిస్తుంది. ముందు వారం తల్లి ఫోన్‌లో నాతో చెప్పిన లెక్క, ఒక కప్పు అన్నం, కొంచెం పప్పు, ఒక స్పూను నెయ్యి. వంటింటి గట్టు మీద త్రాసు పెట్టి, స్టీలు గిన్నె పెట్టి, అంకెను సున్నాకు తెచ్చాను. అన్నం వేశారు, రాసుకున్నాను. పప్పు వేశారు, రాసుకున్నాను. పెద్దావిడ నెయ్యి సీసాలోంచి తనకు అలవాటైన స్పూనుతో వేసింది. అంకె 14 గ్రాములు పెరిగింది. నేను ఇన్నాళ్లూ రాసిన టీస్పూను అంటే సుమారు 5 గ్రాములు, 45 క్యాలరీలు. ఇక్కడ గిన్నెలో పడింది దాదాపు 126 క్యాలరీలు.

అంతటితో అవలేదు. ఆవిడ అన్నం మెత్తగా కలిపి, టాబ్లెట్ చూస్తున్న బాబు నోట్లో ముద్దలు పెట్టడం మొదలుపెట్టింది. సగానికి వచ్చేసరికి వాడు మొహం తిప్పేశాడు. బతిమాలి ఇంకో రెండు ముద్దలు పెట్టింది. మిగిలింది “పారెయ్యడం ఎందుకు తల్లీ” అని తనే తినేసింది. గిన్నె ఖాళీ. నేను అక్కడ లేకపోతే, ఖాళీ గిన్నె చూసిన ఎవరైనా బాబు మొత్తం తిన్నాడనే రాస్తారు. “ఎంత తిన్నాడు బామ్మగారూ?” అని అడిగాను. “ఏం తిన్నాడమ్మా, నాలుగు ముద్దలు” అంది. ఆ నాలుగు ముద్దల తర్వాత వాడు ఇల్లంతా తిరుగుతూ అప్పడం ముక్కలు తిన్నాడు, అరటిపండు సగం తిన్నాడు, పడుకోబోయే ముందు గ్లాసుడు పాలు తాగాడు. అవేవీ పెద్దావిడ లెక్కలో లేవు, తల్లి లెక్కలో లేవు. అడగలేదు కాబట్టి నా లెక్కలోనూ లేవు. ఈ తప్పులు ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయని అనుకోవడానికి లేదు. అన్నం ఎక్కువ రాశాను, నెయ్యి తక్కువ రాశాను, పాలు అసలే రాయలేదు. మొత్తం క్యాలరీలు పొరపాటున సరిపోయినా, కొవ్వు, పిండిపదార్థం, కాల్షియం, మూడూ తప్పాయి.

అన్నం సంగతి కూడా చెప్పాలి. 100 గ్రాముల బియ్యంలో సుమారు 350 క్యాలరీలు ఉంటాయి. పొడిపొడిగా వండితే ఆ బియ్యం 250 గ్రాముల అన్నం అవుతుంది. పిల్లల కోసమని నీళ్లు ఎక్కువ పోసి మెత్తగా వండితే 350 గ్రాముల దాకా పోతుంది. అంటే మొదటి ఇంట్లో 100 గ్రాముల అన్నంలో 140 క్యాలరీలు, రెండో ఇంట్లో 100. పళ్లెంలో అన్నం సరిగ్గా తూచినా, ఎన్ని నీళ్లు పోశారని అడగకపోతే 100 గ్రాములకు 40 క్యాలరీల దాకా తేడా వచ్చే అవకాశం ఉంది. మూడు పూటలా కాకపోయినా రెండు పూటలా అన్నం తినే పిల్లవాడికి ఇది చిన్న తేడా కాదు.

ఇది నేను చదువుకోని సంగతేమీ కాదు. 1972లో మొదలైన జాతీయ పోషకాహార పర్యవేక్షణ బ్యూరో సర్వేల్లో మనుషులు కప్పుల సెట్టు పట్టుకుని ఇళ్లకు వెళ్లేవారు. నిన్న వండిన అన్నం, కూర ఏ కప్పుకి ఎంత వస్తుందో ఇల్లాలి చేత చూపించుకునేవారు. వంటకి వాడిన పచ్చి సరుకు ఎంతో అడిగి, వండిన తిండి ఎంతైందో చూసి, అందులో ఒక్కొక్కరి వాటా లెక్క కట్టేవారు. ఆ సర్వేలకు కేంద్రంగా ఉన్న హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పేరు చెప్పగానే మా తరం విద్యార్థులకు ఆ కప్పులే గుర్తొస్తాయి. తెలుగు పల్లెలో తెలుగువాళ్లే అడిగేటప్పుడు కూడా మీకెంత తెలిసినా కప్పు చూపించి అడగండి అన్నది ఆ పద్ధతి. అమెరికాలో ఫోన్ పట్టుకున్నాక దాన్ని నేను పక్కన పెట్టాను.

ఇక పోషకాల పట్టికలు. తిన్నది ఎంతో సరిగ్గా తెలిసినా, అందులో ఏముందో చెప్పేది పట్టికే. మన జాతీయ పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన భారతీయ ఆహార పట్టికల్లో 528 ఆహార పదార్థాల వివరాలున్నాయి. అవి ముడిసరుకుల లెక్కలు. గుత్తివంకాయ, పప్పుచారు లాంటివి ఇంటింటి కొలతతో మనమే కట్టుకోవాలి. అమెరికా పట్టికల్లో మన వంటలు చాలా తక్కువ. ఈ ఇబ్బంది బ్రిటన్ వాళ్లకు ముందే తెలిసింది. వాళ్ల ప్రామాణిక ఆహార పట్టికలకు అనుబంధంగా, వలస వచ్చినవాళ్ల వంటల కోసం 1985లో ప్రత్యేకంగా ఒక సంపుటం వేశారు.

నేను ఇక్కడ ఇంకో తప్పు చేశాను. మన తిండి కదా అని అన్నిటికీ భారతీయ పట్టికే వాడాను. కానీ ఆ పిల్లలు తాగేది అక్కడి స్టోర్లలో గాలన్ డబ్బాల్లో దొరికే పాలు. అమెరికాలో అమ్మే పాలల్లో దాదాపు అన్నిటికీ విటమిన్ డి కలుపుతారు. ఆ పాలతో ఇంట్లో తోడుపెట్టిన పెరుగులోనూ అది ఉంటుంది. నా లెక్కలో అది కనబడలేదు. అక్కడి బ్రెడ్డు, పాస్టాలకు వాడే ఎన్‌రిచ్డ్ పిండిలో 1998 నుంచి ఫోలిక్ యాసిడ్ తప్పనిసరిగా కలుపుతున్నారు, అదీ నా లెక్కలోకి రాలేదు. అలాగని అమెరికా పట్టిక గుడ్డిగా వాడినా తప్పే. అందులో తెల్లన్నం అని వెతికితే ముందు దొరికేది విటమిన్లు, ఐరన్ కలిపిన బియ్యం. ఇండియన్ స్టోర్‌లో కొన్న సోనా మసూరి సంచి మీద అలాంటి చేర్పు రాసి ఉందో లేదో చూడాలి. ఒకవేళ కలిపిన బియ్యమే కొన్నా, మనవాళ్లు రెండు మూడు నీళ్లు కడగనిదే పొయ్యి మీద పెట్టరు, పైన పూసిన విటమిన్లు చాలావరకు ఆ కడుగు నీళ్లలో పోతాయి. వలస కుటుంబాల వంటిల్లు రెండు దేశాల సరుకుతో నడుస్తుంది. ఏ ఒక్క దేశం పట్టికా దానికి పూర్తిగా సరిపోదు. సంచి, డబ్బా, కవరు, ఏది ఎక్కడ కొన్నారో అడిగి, వస్తువును బట్టి పట్టిక ఎంచుకోవాలి.

లంచ్ బాక్స్ నేర్పిన పాఠం ఇంకొకటి. “బాక్స్ ఖాళీగా వచ్చిందండీ, మొత్తం తిన్నాడు” అని తల్లులు సంతోషంగా చెప్పేవారు. నేనూ పులిహోర, ఒక కప్పున్నర అని రాసేదాన్ని. స్కూలు అనుమతితో లంచ్ హాల్లో కూర్చుని, ఎవరు ఏం తింటున్నారో చూసి రాసే దశలో అసలు సంగతి చూశాను. రెండో తరగతి పాప ఒకతె మూత తీసి రెండు చెంచాలు తిని, పక్కనున్న పిల్లలు చూస్తున్నారని మూత పెట్టేసింది. కాసేపయ్యాక వెళ్లి మిగిలింది చెత్తడబ్బాలో వేసింది. స్నేహితురాలు ఇచ్చిన పిజ్జా ముక్క తింది, చాక్లెట్ పాలు తాగింది. సాయంత్రం తల్లికి ఖాళీ బాక్స్ చేరింది. తల్లి అబద్ధం చెప్పలేదు. తనకు కనిపించింది చెప్పింది. ఆ పాప పరాయి పిల్లల ముందు మన తిండి తినడానికి ఎందుకు ముడుచుకుపోయిందన్నది వేరే బాధ. నా పనికి సంబంధించి తేలింది ఏమిటంటే, స్కూల్లో తిన్నది స్కూల్లో చూసినవాళ్లో ఆ పాపో చెప్పాలి. అమెరికాలో నాలుగో తరగతి పిల్లలు స్కూల్లో తింటుంటే చూసి, తర్వాత వాళ్లు చెప్పిందానితో పోల్చే పరిశోధన సుజాన్ బాక్స్టర్ చాలా ఏళ్లు చేశారు. పిల్లలు తిన్నవి వదిలేస్తారనీ, తిననివి తిన్నట్టు చెబుతారనీ, తినడానికీ అడగడానికీ మధ్య కాలం పెరిగేకొద్దీ తప్పులు పెరుగుతాయనీ ఆ పనిలో తేలింది. ఆ పాపను అదే సాయంత్రం అడిగి ఉంటే పిజ్జా సంగతి చెప్పేదేమో. నేను అడగలేదు, వాళ్లమ్మను అడిగాను.

రోజుల ఎంపికలోనూ పొరబడ్డాను. తల్లిదండ్రులు ఇద్దరూ ఉద్యోగస్తులు. వాళ్ల వీలును బట్టి సోమవారం నుంచి శుక్రవారం దాకా సాయంత్రాలు ఫోన్ చేసేదాన్ని. నిన్నటి తిండే కదా అడిగేది. సోమవారం అడిగితే ఆదివారం సంగతి తెలుస్తుంది, శుక్రవారం అడిగితే గురువారం సంగతి. అంటే శుక్రవారం, శనివారం తిన్న తిండి నా ఫారాల్లోకి ఎప్పుడూ రాలేదు. మనవాళ్ల ఇళ్లలో శుక్రవారం రాత్రి బయటి తిండి, శనివారం పుట్టినరోజు పార్టీలు, గుళ్లో ప్రసాదాలు, నలుగురు కలిసి తెచ్చుకుని తినే విందులు. వారంలో తీపి, నూనె, కూల్‌డ్రింకు ఎక్కువగా పడే రోజులు అవే. వాటిని వదిలేసి మన పిల్లలు ఇంటి తిండి తింటున్నారని రాశాను. నాయనమ్మో అమ్మమ్మో ఇండియా నుంచి వచ్చి ఉన్న నెలలు, వాళ్లు వెళ్లిపోయాక డేకేర్ మీద ఆధారపడ్డ నెలలు కూడా ఒకటి కావు. ఏ నెలలో కొలిచామో రాసుకోకపోతే ఆ తేడా ఎప్పటికీ తెలియదు.

అన్నిటికంటే ఆలస్యంగా అర్థమైంది, నేను తెలుగుదాన్ని కావడం వల్ల తల్లులు నాకు చెప్పే తీరే మారుతోందని. తెలియని మనిషికి చిప్స్, నూడుల్స్ సంగతి మామూలుగా చెప్పే తల్లి, నాకు చెప్పేటప్పుడు తటపటాయించేది. మనవాళ్లలో మాట వస్తుందని భయం. పిల్లకి రోజూ ఆకుకూర పెడుతున్నానని చెప్పుకోవాలనిపించేది. ఒకావిడ నూడుల్స్ అని చెబుతుంటే నేను “అయ్యో, రోజూనా?” అన్నాను. నా గొంతులో మందలింపు ఆవిడకు వినిపించింది. ఆ తర్వాతి ఫోన్‌లో నూడుల్స్ లేవు, ఇడ్లీ ఉంది. ఆ రోజు పిల్ల నిజంగా ఇడ్లీయే తిందో లేదో నాకు ఈరోజుకీ తెలియదు. ఒక్క మాటతో ఆ ఇంటి నుంచి రావాల్సిన నిజాన్ని నేను ఆపేశాను.

ఇవన్నీ ఒక ఎత్తు, పెద్ద తప్పు ఒక ఎత్తు. సరిచూడటమే మా పని అన్నాను కదా. మొదట్లో నేను రాసిన రీకాల్‌ను అదే తల్లి రాసిన ఫుడ్ డైరీతో పోల్చాం. రెండూ బాగా కలిశాయి. నాకు చాలా ఆనందమైంది. పద్ధతి సరైనదని తేలిపోయిందనుకున్నాను. కానీ డైరీలో నెయ్యి ఒక స్పూను అని రాసింది ఆ తల్లే, నాకు ఫోన్‌లో చెప్పిందీ ఆ తల్లే. స్పూనును గ్రాముల్లోకి మార్చింది రెండుసార్లూ నేనే. రెండిట్లోనూ అన్నం కప్పు మా ఇంటి కప్పు. తప్పు టైం చూపే ఒకే గడియారాన్ని చూసి ఇద్దరు టైం చెబితే, ఇద్దరి మాటా కలుస్తుంది. అది కలిసినంత మాత్రాన టైం సరైనదని కాదు.

లెక్కల భాషలోనూ నేను మోసపోయాను. కోరిలేషన్, అంటే రెండు కొలతలు కలిసి పెరిగే, తగ్గే తీరు, ఎక్కువ వస్తే రెండు కొలతలూ ఒకటేనని అనుకున్నాను. ఒక పద్ధతి ప్రతి పిల్లవాడికీ నిజంలో సరిగ్గా సగం రాసినా కోరిలేషన్ నూటికి నూరు వస్తుంది. అన్ని అంకెలూ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి కాబట్టి. కానీ ప్రతి అంకే సగం తప్పు. ఈ పొరపాటును గట్టిగా ఎత్తిచూపిన వ్యాసాన్ని మార్టిన్ బ్లాండ్, డగ్లస్ ఆల్ట్‌మన్ 1986లో లాన్సెట్ పత్రికలో రాశారు. రెండు కొలతల మధ్య తేడా సగటున ఎంత, ఆ తేడా ఒక్కొక్కరిలో ఎంత దాకా పోతోంది అని చూడమని వాళ్లు చెప్పారు. త్రాసు లెక్కలు వచ్చాక అలా చూస్తే, మొత్తం క్యాలరీల్లో సగటు తేడా పెద్దగా లేదు గానీ ఒక్కొక్క పిల్లవాడి దగ్గర తేడా చాలా ఉంది. గుంపు గురించి మాట్లాడటానికి పనికొచ్చే ఫారం, ఒక బిడ్డకు సలహా ఇవ్వడానికి పనికిరాదని అప్పుడు గ్రహించాను.

ఎవరి జ్ఞాపకం మీదా ఆధారపడని కొలత ఒకటి ఉంది. డ్యుటీరియం, ఆక్సిజన్-18 అనే బరువైన పరమాణువులున్న నీళ్లు కొలిచి తాగిస్తారు. వాటికి రేడియోధార్మికత లేదు, పిల్లలకు ప్రమాదం లేదు. డ్యుటీరియం నీళ్లతోనే బయటికి పోతుంది. ఆక్సిజన్-18 నీళ్లతోనూ, కార్బన్ డయాక్సైడ్‌గానూ పోతుంది. వారం, రెండు వారాలు మూత్రం నమూనాలు తీసి రెండూ తగ్గే వేగాల్లో తేడా చూస్తే, ఒంట్లో ఎంత కార్బన్ డయాక్సైడ్ తయారైందో, ఎంత శక్తి ఖర్చయిందో లెక్క తేలుతుంది. ఎదుగుదలకు చేరే కొద్ది శక్తిని కలుపుకుంటే, పిల్లవాడు తిన్న క్యాలరీలు దాదాపు అంతే అయి ఉండాలి. 1950ల్లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో నేథన్ లిఫ్సన్, తోటి శాస్త్రవేత్తలు జంతువుల మీద తేల్చిన ఈ పద్ధతిని 1982లో డేల్ షోలర్ మనుషుల్లో వాడి చూపించారు. ఖర్చు చాలా ఎక్కువ. మొత్తం శక్తి ఎంతో చెబుతుంది గానీ అది పప్పుదో పిజ్జాదో చెప్పదు. మా బృందానికి ఆ స్తోమత లేదు. త్రాసు, లంచ్ హాల్లో కూర్చున్న కళ్లు, ఇవే మాకు దిక్కు. అయినా అవి తల్లి జ్ఞాపకం మీద ఆధారపడినవి కావు, నా చిన్ననాటి వంటింటి మీద ఆధారపడినవి కావు. సరిచూడటానికి కావాల్సిన గుణం అదే.

తర్వాత నా పని తీరు మారింది. తెలిసిన వంటైనా తెలియనట్టే అడుగుతాను. “మీకు తెలిసిందే కదండీ” అంటే, “మీ ఇంట్లో ఎలా చేస్తారో చెప్పండి, నాకు అదే కావాలి” అంటాను. ప్రతి ఇంట్లో వాళ్ల గరిటె, వాళ్ల నెయ్యి స్పూను, వాళ్ల గ్లాసు ఒకసారి తూచి, కొలిచి రాసుకుంటాను. మరిచిపోయేవాటి జాబితాలో చకోడీలు, మిక్చర్, కారప్పొడిలో నెయ్యి, పచ్చడిలో నూనె, పడుకునే ముందు పాలు, ప్రసాదం చేర్చాను. తినిపించింది ఎవరైతే వాళ్లనే అడుగుతాను, నాయనమ్మైనా, డేకేర్ టీచరైనా. ఎనిమిదేళ్లు దాటిన పిల్లల్ని తల్లి పక్కన కూర్చోబెట్టుకుని, ముందు వాళ్లనే చెప్పనిస్తాను. వారంలో ప్రతి రోజుకూ వంతు వచ్చేలా ఫోన్లు చేస్తాను. ఏం విన్నా మెచ్చుకోను, నొచ్చుకోను. అంచనాతో నింపిన గడి కంటే ఖాళీ గడికి విలువ ఎక్కువ ఇస్తాను, ఎందుకంటే ఖాళీ గడిని మళ్లీ అడిగి నింపొచ్చు, ఊహతో నింపిన గడి తప్పని ఎవరికీ తెలియదు.

ఈ పనిలోకి వచ్చే మన పిల్లలకు నేను చెప్పేది ఇంతే. మీ భాష, మీ వంటిల్లు మీకు తలుపు తీస్తాయి. లోపలికి వెళ్లాక మాత్రం అడగండి, తూచండి, చూడండి. తల్లిదండ్రులకూ ఒక మాట. ఎవరైనా ఫోన్ చేసి మీ బిడ్డ నిన్న ఏం తిన్నాడని అడిగితే, మంచి తల్లి అనిపించుకోవడానికి చెప్పకండి. నూడుల్స్ తింటే నూడుల్స్ అనే చెప్పండి. తినకుండా వదిలేస్తే వదిలేశాడని చెప్పండి. తెలియకపోతే తెలియదనండి. మీరు చెప్పే నిజం మీదనే రేపు మీ బిడ్డలాంటి వేల మంది పిల్లలకు ఏం పెట్టాలన్న నిర్ణయం ఆధారపడి ఉంటుంది.